ఇల్లు చూడబోయిన బస్సు

మా సార్ పోయారన్న కబురు అందేసరికి కాలేజీలో ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. పై అంతస్తులో మూడు గదుల్లో కంపెనీవాళ్ళు కూర్చున్నారు. వరండాలో వందమందికి పైగా పిల్లలు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని, తమ పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తున్నారు. ఫోన్ చేసింది సార్ భార్య. ఆవిడను నేను అమ్మా అనే పిలుస్తాను.

"మీ సార్ పోయినాడమ్మా. పొద్దున టిఫిన్ తిన్నాడు, పేపర్ చూసుకుంటా అట్లే ఒరిగినాడు" అంది. వెంటనే బయల్దేరతానన్నాను. "వద్దు. ఈ పొద్దు మీకు కంపెనీ వచ్చింది గదా, నిన్న చెప్పినాడు. కడాకు ఉండే బిడ్డ కూడా లోపలికి పోయొచ్చినాక రా. మధ్యలో లేచొస్తే ఆయన ఊరుకోడు" అని ఫోన్ పెట్టేసింది.

ఆవిడ చెప్పినట్టే చేశాను. ప్రిన్సిపాల్ గారికి ఒక్కరికే చెవిలో చెప్పి, నాలుగు గంటలసేపు అదే వరండాలో నిలబడి ఒక్కొక్క పేరే పిలిచాను. అలా నిలబడటం సబబేనా అని ఇప్పటికీ అనిపిస్తుంటుంది. మా కాలేజీలో వేరే ఎవరైనా అలా చేసి ఉంటే నేనే తిట్టేదాన్నేమో. సాయంత్రం లిస్టు చేతికి వచ్చాక ఆటో ఎక్కి వాళ్ళింటికి పోయాను. అమ్మ ఆయన పక్కనే చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే "ఎంతమందికి వచ్చింది?" అని అడిగింది. నలభై ముగ్గురికి అన్నాను. ఆవిడ ఆయన వైపు తిరిగి "నలభై ముగ్గురికంట" అంది, పక్కగదిలో ఉన్న మనిషికి చెప్పినంత గట్టిగా. అప్పుడు ఏడ్చాను. అంతవరకు ఏడుపు రాలేదు.

ఈ నాలుగు మాటలూ రాయాలనుకున్నది ఏడవడానికి కాదు. మా సార్ గెలిచిన మనిషి. ఆ గెలుపు ఎలాంటిదో తెలిసినవాళ్ళు తక్కువ. పక్కనే ఉండి చూసినదాన్ని నేను. అదీకాక ఆ గెలుపుకు మొదట్లో అడ్డం పడినదాన్ని కూడా నేనే.

రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో మాట ఇది. అంతకుముందు మార్కాపురం, గిద్దలూరు వైపు పిల్లలు డిగ్రీ అయిపోగానే హైదరాబాద్ బస్సెక్కేవాళ్ళు. అక్కడ ఏదో ఒక రూములో నలుగురితో సర్దుకుని, ఏదో ఒక కోర్సు చేసి, ఏదో ఒక పని చూసుకునేవాళ్ళు. ఇప్పుడది వేరే రాష్ట్రం. మన పిల్లలకు మన దగ్గరే పని చూపించాలి, ప్రతి కాలేజీలో ప్లేస్‌మెంట్ సెల్ ఉండాలి అని పైనుంచి కాగితం వచ్చింది. మా మార్కాపురం కాలేజీ స్టాఫ్ మీటింగ్‌లో ఆ కాగితం చదివేసరికి అందరూ తలలు దించుకున్నారట. తల ఎత్తి కూర్చున్నది ఒక్క మా సారే. దాంతో ఆ పని ఆయనకు తగులుకుంది. ఆయన కామర్స్ లెక్చరర్. సాయంగా నన్ను వేశారు. నేను గిద్దలూరు నుంచి కొత్తగా చేరిన కంప్యూటర్ లెక్చరర్‌ని. విరిగిన బెంచీలు పడేసే గది మాకు ఇచ్చారు. బెంచీలు మాత్రం తియ్యలేదు.

మొదట్లో ఆయన్ను చూస్తే నాకు నామోషీగా ఉండేది. ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను. ఇన్‌షర్ట్ చేసేవారు కాదు. కంపెనీలకు పోయేటప్పుడు కూడా రబ్బరు చెప్పులే. ఫోన్‌లో గట్టిగా మాట్లాడేవారు, అవతలివాళ్ళు ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా. నేను స్లైడ్లు తయారుచేసి, మెయిల్స్ పంపి, పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టి వారం వారం చూసుకునేదాన్ని. ఒక్క జవాబు వచ్చేది కాదు. ఆయన శనివారం పది గంటలకు కుర్చీ కిటికీ దగ్గరకు లాక్కుని ఫోన్లు మొదలుపెట్టేవారు. "ఏం పని లేదు మేడం, బాగుండారా అని చేసినా. మీ అమ్మగారి మోకాలు నొప్పి తగ్గిందా?" అవతల ఒక కంపెనీ హెచ్.ఆర్. మేనేజర్. ఇలా పన్నెండు, పదిహేను ఫోన్లు. ఒక్కదాంట్లో కూడా ఉద్యోగం ఊసు ఎత్తేవారు కాదు.

"అడగాల్సింది అడగకుండా ఈ కబుర్లు ఏంటి సార్?" అని ఒకరోజు విసుక్కున్నాను.

"మా నాయన దుకాణంలో కూర్చుంటే, వచ్చిన మనిషిని ఏం కావాలని అడిగేవాడు కాదమ్మా. ఏం అబ్బాయ్, ఊర్లో వాన పడిందా అని అడిగేవాడు. కావాల్సింది వాడే చెప్తాడు" అన్నారు. బజారువీధిలో వాళ్ళ నాయనకు కిరాణా దుకాణం ఉండేది. సార్ చదువుకున్నది కాలేజీలోనే అయినా, నేర్చుకున్నది మాత్రం ఆ గల్లాపెట్టె పక్కన కూర్చునే.

విజయవాడలో మాలాంటి ప్లేస్‌మెంటు వాళ్ళకు రెండురోజుల శిక్షణ పెట్టారు. నెట్‌వర్కింగ్ ఎలా చేయాలో ఒకాయన మైకు పట్టుకుని చెప్పాడు. పరిచయాన్ని ఎలా మొదలుపెట్టాలి, ఎన్ని రోజులకోసారి గుర్తుచేయాలి, ఏం రాసిపెట్టుకోవాలి. నేను పుస్తకం నిండా రాసుకున్నాను. సార్ చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నారు. తిరుగు బస్సులో "ఏమనిపించింది సార్?" అని అడిగితే, "ఆయన చెప్పిందంతా నిజమే. మా ఇంట్లో దీన్నే పలకరింపు అంటాం. ఆయనకు పాపం ఇంట్లో ఎవరూ చెప్పినట్టు లేరు, కష్టపడి నేర్చుకున్నాడు" అన్నారు. ఎగతాళి చేస్తున్నారా లేదా అని మొహంలోకి చూశాను. నిజంగానే జాలిపడుతున్నారు.

మొదటిసారి మా కాలేజీకి కంపెనీ వచ్చినప్పుడు మేం చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మా కాలేజీ కమిటీలో అందరూ ఊళ్ళో దుకాణదారులు, మర్యాద తెలిసినవాళ్ళు. కంపెనీవాళ్ళు నలుగురు దిగగానే మేళం పెట్టారు. గుడికి తీసుకెళ్ళారు. స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువాలు కప్పారు. కార్యదర్శి గారు మాట్లాడారు, ఆయన మాట్లాడారని కోశాధికారి గారు మాట్లాడారు. తర్వాత భోజనం. బొబ్బట్లు, పులిహోర, గుత్తి వంకాయ. వద్దంటే ఇంకొకటి వడ్డించారు. ఇస్త్రీ చొక్కాలు, ఉతికిన చున్నీలు వేసుకున్న పిల్లలు పొద్దుటినుంచి చెట్టు కింద కూర్చుని ఇదంతా చూస్తున్నారు. కంపెనీవాళ్ళు చేతులు కడుక్కునేసరికి మూడు దాటింది. వాళ్ళకు సాయంత్రం రైలు. ఏడుగురితో మాట్లాడి, ఒక్కరినీ తీసుకోకుండా, పొట్లం కట్టిన బొబ్బట్లతో సహా వెళ్ళిపోయారు.

అందరూ కంపెనీవాళ్ళను తిట్టారు. సార్ ఒక్కరే తిట్టలేదు. ఖాళీ అయిన షామియానా కింద ఒక కుర్చీలో కూర్చుని, "తప్పు మనదే. మగపెండ్లివాళ్ళకు చేసినట్టు చేసినాం. మర్యాద చేసినాం గాని వాళ్ళకు బిడ్డను చూపించలేదు, వాళ్ళ ఇల్లు మనం చూడలేదు" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు ఒట్టి నిట్టూర్పులా వినిపించింది.

శనివారం ఫోన్లు ఏడాదిన్నర నడిచాక ఒకటి పండింది. నెల్లూరు దాటాక తడ వైపు సెల్‌ఫోన్లు బిగించే ఫ్యాక్టరీ ఒకటి కొత్తగా పెట్టారు. అక్కడి హెచ్.ఆర్. మేడం, ఆ మోకాలు నొప్పి అమ్మగారి కూతురే, మా దగ్గరకు వచ్చి పదకొండుమంది ఆడపిల్లలను తీసుకుంది. శాలువా లేదు, మేళం లేదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం పెట్టాం. పదకొండుమందీ తర్లుపాడు, రాచర్ల, వెలిగండ్ల మండలాల మెట్టపొలాల ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు. డిగ్రీ అయిపోయాక కందిచేలోకో, మిరపకాయల కోతకో పోవాల్సినవాళ్ళు. వాళ్ళను బస్సెక్కించిన రోజు నేను ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను.

మూడు వారాలకు ఏడుగురు తిరిగొచ్చేశారు.

మేడం ఫోన్ చేసింది. ఆవిడ మంచిదే గాని ఆరోజు గొంతు గట్టిగా ఉంది. "ఏం చేయనండీ సార్, పైవాళ్ళు ఫైల్లో రాసేశారు. ఈ ప్రాంతం పిల్లలు నిలవరు అని. ఇక మీ కాలేజీకి రావడం కుదరదు. నేను చెప్పినా వినరు."

సార్ ఫోన్ పెట్టేశారు. తర్వాత "మన పిల్లలు నిలవరంట" అన్నారు. మళ్ళీ కాసేపటికి అదే మాట. ఆయన్ను అంత దెబ్బతిన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. ఏడుగురు రావడం కాదు ఆయన బాధ. ఆ ఒక్క వాక్యం. అది ఒక ఫైల్లోనుంచి ఇంకో ఫైల్లోకి పోతుంది, ఒక కంపెనీ మేనేజర్ ఇంకో కంపెనీకి మారితే వాడితోపాటు పోతుంది. ఇక ఈ వైపు పిల్లల ముందు ఏ గేటూ తెరుచుకోదు. ఆ వాక్యాన్ని కొట్టేయించాలి. ఆ తర్వాత ఆయన చేసిందంతా దానికోసమే.

"ఎందుకొచ్చినారో కనుక్కుందాం పా" అన్నారు. రాచర్లకు బస్సులో పోయి, అక్కడినుంచి ఆటోలో ఒక పల్లెకు పోయాం. అందరికంటే ముందు తిరిగొచ్చిన అమ్మాయిది ఆ ఊరే. వాళ్ళ నాయనకు గొర్రెల మంద ఉంది. మేం పోయేసరికి ఆయన దొడ్డి దగ్గర ఒక గొర్రెపిల్లకు పాలు తాగిస్తున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. ఆ పని ముగిసేదాకా సార్ కూడా మాట్లాడలేదు. పక్కన గొంతుక్కూర్చుని "గొర్రెల ఈత బాగుండాదా మామా ఈసారి?" అని అడిగారు. గొర్రెల గురించి అరగంట నడిచింది. నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను.

చివరకు ఆయనే ఎత్తాడు. "మీరు ఎందుకొచ్చినారో నాకు తెలుసు సారూ. బిడ్డను నేనే తోడుకొచ్చినా. బిడ్డ తప్పు లేదు."

"ఏమైంది మామా?"

"చూసొద్దామని పోయినా. రెండు బస్సులు మారి, అడుక్కుంటా అడుక్కుంటా పోయినా. గేటు కాడ నిలబెట్టినారు. లోపలికి విడవరంట. నా బిడ్డ యాడ పండుకుంటాదో, ఏం తింటాదో నేను చూడొద్దంట. పొద్దుగూకేదాకా రోడ్డు మీద కూర్చున్నా. చూడనియ్యని ఇంట్లో బిడ్డను ఎట్ల ఉంచేది సారూ? నువ్వైతే ఉంచుతావా?"

అమ్మాయి గుమ్మంలో నిలబడి నేలను చూస్తోంది. తనను నాయన తీసుకొచ్చాడని మిగిలిన ఆరుగురి ఇళ్ళకు కబురు పోయి, వాళ్ళూ తమ పిల్లలను తెచ్చేసుకున్నారు. అంతే జరిగింది. నేను కంపెనీ రూల్స్ గురించి ఏదో చెప్పబోయాను. సార్ చెయ్యెత్తి ఆపారు.

"నేనైనా ఉంచను మామా" అన్నారు.

తిరుగు ఆటోలో ఉడుకుతూ కూర్చున్నాను. ఒప్పించడానికి పోయి ఒప్పుకుని వచ్చారేంటి ఈయన అని. కొంత దూరం పోయాక సారే మాట్లాడారు. "పిల్లను ఇచ్చేముందు ఇల్లు చూసొస్తాం గదా. వాళ్ళ బాయి చూస్తాం, వంటిల్లు చూస్తాం, చుట్టుపక్కల వాళ్ళను అడుగుతాం. ఉద్యోగానికి పంపేటప్పుడు మాత్రం సంతకం పెట్టు, బస్సెక్కించు అంటున్నాం. ఆయన అడిగిందాంట్లో తప్పేముందమ్మా? ఒక బస్సు కట్టుకుని తల్లిదండ్రులందరినీ తీసుకుపోయి చూపిద్దాం."

నేను గట్టిగానే పోట్లాడాను. "సార్, అది ఫ్యాక్టరీ. సంబంధం కాదు. ఇది విని ఆ మేడం నవ్వుతుంది. మన పరువు ఇంకాస్త పోతుంది." ఇంకా ఏవేవో అన్నాను. పల్లెటూరి ఆలోచన అని కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన కోప్పడలేదు. "నవ్వనియ్యి. నవ్వేవాళ్ళతో మాట్లాడటం సులువు" అన్నారు.

మేడం నవ్వలేదు. కుదరదంది. శనివారం సార్ మళ్ళీ ఫోన్ చేశారు, ఎప్పటిలాగే మోకాలి నొప్పి గురించే. మూడోసారి ఆయనే స్వయంగా వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను, ఆయన ఏం మాట్లాడతారో అన్న భయంతో. ఫ్యాక్టరీ ఆఫీసులో ఏసీ చలికి భుజాలు దగ్గరకు తీసుకుని కూర్చుని, ఆయన అడిగింది ఒక్కటే. "మేడం, మీరు ఉద్యోగంలో చేరేముందు మీ అమ్మగారు హాస్టల్ చూడ్డానికి వచ్చినారా?"

ఆవిడ "వచ్చింది. మంచం కింద కూడా ఊడ్పించింది" అంది.

"మా వాళ్ళూ అంతే మేడం."

వారం తర్వాత అనుమతి వచ్చింది. ఒక బస్సు, ఒక ఆదివారం, రెండు గంటలు. దాంతోపాటు పైవాళ్ళ షరతు ఒకటి. ఈసారి తీసుకున్నవాళ్ళలో ఆరు నెలల్లోపు ఒక్కరు మానేసినా మా కాలేజీ పేరు జాబితాలోనుంచి పూర్తిగా తీసేస్తారు. సార్ సరేనన్నారు. ఎవరినీ అడగకుండా సరేనన్నారు. ఈసారి పంపబోయేది ముప్పైనలుగురు పిల్లలను, ముప్పైనాలుగు ఇళ్ళనుంచి. ఒక ఇంట్లో జ్వరమొచ్చినా, ఒక తల్లికి పీడకల వచ్చినా అంతా పోతుంది. అదే అన్నాను. "చూసినాక ఎవరూ మానరు" అన్నారు. అంతకుమించి ఆయన దగ్గర ఏ లెక్కా లేదు.

రాచర్ల మామ రానన్నాడు. సార్ రెండోసారి వెళ్ళి, "నువ్వు చూసి బాగలేదంటే నేను ఎవరినీ పంపను. ముందు చూడాల్సింది నువ్వే" అని చెప్పి వచ్చారు. బస్సు కదిలే ముందు తలపాగా చుట్టుకుని వచ్చి ఎక్కాడు. పొదిలి, కనిగిరి మీదుగా పోయాం. మార్కాపురం దాటి ఎప్పుడూ పోని తల్లులు కిటికీలకు అతుక్కుపోయారు. సద్దిమూటలు విప్పారు. సార్ బస్సు పొడవునా తిరుగుతూ, "మొహమాటపడొద్దు. ఏది అనుమానమైతే అది అడగండి. అడగకుండా వచ్చినారంటే ఖర్చు దండగ" అని చెప్పారు.

ఫ్యాక్టరీలో అందరికీ తెల్ల టోపీలు, గౌన్లు ఇచ్చారు. తలపాగా తీయాలనేసరికి మామ ఒక్క క్షణం తటపటాయించి, తీసి చంకలో పెట్టుకున్నాడు. లోపల వరసగా ఆడపిల్లలు కూర్చుని పని చేస్తున్నారు. ఎవరూ ఎవరి మీదా అరవడం లేదు. అది చూసి ఒకామె పక్కామెతో "కోతల కాడ మేస్త్రి కంటే నయమే" అంది. వంటశాలకు పోయాం. రాతిపలకలు కోసే పనిలో చేతులు బొబ్బలెక్కిన తర్లుపాడు అమ్మ ఒకావిడ పప్పు గరిటెతో చేతిలో వేయించుకుని నాలుకకు రాసుకుంది. "చింతపండు తక్కువైంది నాయనా, మా బిడ్డలకు పులుపు లేకపోతే దిగదు" అని వంటమనిషికి చెప్పింది. అతను తలూపి రాసుకున్నాడు.

ఫ్యాక్టరీ మేనేజర్ కూడా వెంట ఉన్నాడు. మర్యాదకు వచ్చినట్టున్నాడు, ఐదు నిమిషాల్లో వెళ్ళిపోవాలని ఆయన మొహమే చెబుతోంది. అప్పటిదాకా మాట్లాడని మామ ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సారూ, నా బిడ్డకు మధ్యరాత్రి జ్వరమొస్తే ఎవరికి చెప్పాల?"

"వార్డెన్‌కు చెప్తారు."

"ఆమెకు చెప్తే ఆమె ఎవరికి చెప్తాది?"

మేనేజర్ హెచ్.ఆర్. మేడం వైపు చూశాడు. మేడం సూపర్‌వైజర్ వైపు చూసింది. సూపర్‌వైజర్ నేల వైపు చూశాడు. అయిపోయింది, ఈయన ఇప్పుడే బస్సెక్కుతాడు, మిగిలినవాళ్ళు ఆయన వెంట నడుస్తారు అనుకున్నాను. సార్ మాత్రం కదల్లేదు, ఒక్క మాటా సాయం చేయలేదు.

మేడమే ముందుకు వచ్చింది. "నాకు చెప్పండి. ఏ వేళైనా సరే" అంది. మామ జేబులోనుంచి చిన్న ఫోన్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "నాకు చదువు రాదు తల్లీ. దీంట్లో నువ్వే ఎక్కించు. ఒకటో నంబరు నొక్కితే నీకు పోయేట్టు చెయ్యి." ఆవిడ అక్కడే నిలబడి ఎక్కించింది. ఆయన వెంటనే ఒకటి నొక్కి చూశాడు. ఆవిడ ఫోన్ మోగింది. ఇంక చూసుకోండి, ముప్పైముగ్గురు వరసకట్టారు. మేనేజర్ ఐదు నిమిషాలు గంటన్నర అయ్యాయి.

సార్ నా పక్కకు వచ్చి, "విజయవాడలో ఆయన చెప్పింది ఇదే అమ్మా" అన్నారు. నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

మామ మాత్రం నవ్వలేదు. బస్సెక్కి వెనక సీట్లో కూర్చుని తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. బాగుందనీ అనలేదు, బాగలేదనీ అనలేదు. ఇల్లు చూడబోయినవాళ్ళు ఆ ఇంట్లోనే మాట చెప్పరు కదా. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. నెల్లూరులో టీ తాగడానికి ఆగాం. గ్లాసు కింద పెట్టి ఆయన సార్ దగ్గరకు వచ్చాడు.

"బిడ్డ గుడ్డలు సర్దాల. ఎప్పుడు పంపాల సారూ?"

సార్ ఆయన చెయ్యి పట్టుకున్నారు. డ్రైవరు హారన్ కొట్టేదాకా వదల్లేదు.

ఆ ఆరు నెలలూ మా సార్ పరీక్ష రాసిన పిల్లవాడికంటే ఎక్కువ ఆత్రంగా గడిపారు. శనివారం ఫోన్లు ఇప్పుడు రెండు వైపులా నడిచాయి, కంపెనీకి కొన్ని, పల్లెలకు కొన్ని. జ్వరాలు వచ్చాయి. ఒకటో నంబరు మోగింది, మేడం పోయింది. పప్పులో చింతపండు పెరిగింది. ఆరో నెల చివరి రోజు మధ్యాహ్నం మేడం నుంచి ఫోన్ వచ్చింది. సార్ స్పీకర్ ఆన్ చేసి, నన్నూ పక్కగది లెక్చరర్లనూ సైగ చేసి పిలిచారు.

"ఒక్కరు కూడా మానలేదండీ సార్. ఫ్యాక్టరీ మొత్తంలో ఇలాంటి బ్యాచ్ లేదని మేనేజర్ గారు రాయించారు. పాత మాట కొట్టేశారు. ఈ సంవత్సరం మీరు ఎంతమందిని ఇవ్వగలరు?"

సార్ ఫోన్ నా చేతిలో పెట్టి గదిలోనుంచి వెళ్ళిపోయారు. ఎక్కడికి పోయారా అనుకుంటున్నాను. అంతలో కాలేజీ గంట మోగింది. ఐదో పీరియడ్ మధ్యలో, పొడుగు గంట, ఆగకుండా. క్లాసులన్నీ బయటకు ఉరికాయి. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. అటెండరు పక్కకు తప్పుకుని చూస్తుంటే, యాభై ఏడేళ్ళ మా సార్ రెండు చేతులా సుత్తి పట్టుకుని కొడుతున్నారు. "మన పిల్లలు నిలుస్తారంట" అని అందరికీ వినబడేట్టు చెప్పారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ గారు మెమో ఇస్తానన్నారు గాని ఇవ్వలేదు. నేను మాత్రం ఆ వరండాలో నిలబడి, ఈ మనిషిని చూసి నామోషీ పడ్డానే అని నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ తర్వాత ఇంకో ఫ్యాక్టరీ వచ్చింది, ఇంకోటి వచ్చింది. తల్లిదండ్రులను లోపలికి రానిస్తేనే పిల్లలను పంపుతామని మేమే షరతు పెట్టే రోజు వచ్చింది. వేరే ఊళ్ళ కాలేజీలవాళ్ళు వచ్చి ఎలా చేశారని అడిగితే, సార్ టీ ఇప్పించి "మీ ఊర్లో వాన పడిందా?" అని మొదలుపెట్టేవారు. రిటైరయ్యాక కూడా శనివారం పదింటికి వచ్చి కూర్చునేవారు. కొత్తగా చేరినవాళ్ళకు ఆయన చెప్పేది ఒకటే. "కంపెనీకి మనం పిల్లలను అమ్మడం లేదు. రెండు ఇండ్లకు మాట కలుపుతున్నాం. మాట కలిపినవాడు మధ్యలో తప్పుకోకూడదు." ఆయన తప్పుకోలేదు. అందుకే ఆరోజు అమ్మ నన్ను ఆపింది, అందుకే నేను ఆగాను.

ఈ ఏటి బస్సు ఆయన పెద్దకర్మ అయిన వారానికి బయల్దేరింది. వాయిదా వేద్దామని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ నలభై మూడు ఇళ్ళవాళ్ళలో చాలామంది ఆయన్ను చూసి కూడా ఉండరు. బస్సులో పొడవునా తిరుగుతూ, ఏది అనుమానమైతే అది అడగండని చెప్పాను. గొంతు నాది, మాట ఆయనది. ఫ్యాక్టరీలో మమ్మల్ని తిప్పి చూపించింది రాచర్ల మామ కూతురు. ఆ అమ్మాయి ఇప్పుడు లైన్ లీడర్, నలభైమంది పని ఆమె చేతిమీద నడుస్తుంది. అన్ని ప్రశ్నలకూ జవాబులు చెప్పింది. జ్వరం గురించి ఎవరూ అడగకముందే తానే చెప్పింది.

వెలిగండ్ల దగ్గరి పల్లెనుంచి వచ్చిన ఒకావిడ మాత్రం పొద్దుటినుంచి ఒక్క మాట మాట్లాడలేదు. మిషన్లు చూసింది, వంటశాల చూసింది, మంచాలు చూసింది. మొహంలో ఏమీ తెలియలేదు. హాస్టల్ మూడో అంతస్తులో స్నానాల గదుల దగ్గర ఆగింది. వాళ్ళ ఊళ్ళో ట్యాంకరు వస్తేనే నీళ్ళు. లోపలికి పోయి కుళాయి తిప్పింది. నీళ్ళు ధారగా పడ్డాయి.

"ఇంత పైకి కూడా ఎక్కుతాయా?" అని అడిగింది.

"పొద్దంతా వస్తాయి పెద్దమ్మా" అంది లైన్ లీడర్ అమ్మాయి.

ఆవిడ కట్టేసింది. మళ్ళీ తిప్పింది. ధార కింద చెయ్యి పెట్టి, అరచేయి తిప్పి, వెనక వైపు కూడా తడుపుకుంది. తర్వాత గుమ్మంలోకి వచ్చి మిగతా ఆడవాళ్ళను "రాండి" అని పిలిచింది. వాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఒక్కొక్కరూ కుళాయి తిప్పి, కాసేపు చెయ్యి తడుపుకుని, చుక్క కారకుండా గట్టిగా కట్టేసి, వెనకామెకు చోటిచ్చి పక్కకు జరిగారు.